రోజ్ కాఫీ కప్పు

శ్రోతలకు నమస్కారం.

ప్రాణం మీదికి తెచ్చే జబ్బును పట్టుకొని టెలివిజన్‌లో నవ్వించవచ్చునా అని అడిగితే, మనలో చాలామంది మరో ఆలోచన లేకుండా కూడదంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేదాన్ని. ఆ పట్టుదల సడలడానికి కారణం ఒక కాఫీ కప్పు. నాకిచ్చిన సమయం కొద్దిపాటిది కనుక, తక్కిన చరిత్రనంతా పక్కనపెట్టి ఆ కప్పు సంగతే చెబుతాను.

అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ 1985 నుంచి 1992 వరకు 'ది గోల్డెన్ గర్ల్స్' అనే హాస్య ధారావాహికను ప్రసారం చేసింది. మయామీలో ఒకే ఇంట్లో ఉండే రోజ్, బ్లాంచ్, డొరోతీ, డొరోతీ తల్లి సోఫియా అనే నలుగురు వయసు మళ్ళిన స్త్రీల కథ అది. అందరిలోకీ ఎక్కువగా నవ్వించేది సోఫియా. ఆ ముసలావిడ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆమెకు స్ట్రోక్ వచ్చి, మాటను ఆచితూచి వదిలే మెదడు భాగం దెబ్బతిన్నదని అందుకు కారణం కూడా కథలోనే చెబుతారు. అంటే ఆ ఇంట్లో నవ్వు మొదటినుంచీ జబ్బు పక్కనే కూర్చొని ఉన్నదన్నమాట.

1990 ఫిబ్రవరి 17న ప్రసారమైన భాగంలో రోజ్‌కు ఆసుపత్రి నుంచి ఒక ఉత్తరం వస్తుంది. గతంలో పిత్తాశయం ఆపరేషన్ సమయంలో ఆమెకు ఎక్కించిన రక్తంలో హెచ్‌ఐవీ ఉండి ఉండవచ్చునని, వెంటనే పరీక్ష చేయించుకోవాలని ఆ ఉత్తరం సారాంశం. ఫలితం తెలియడానికి 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజుల నిరీక్షణే కథ.

ఇక్కడ వస్తుంది కప్పు. వంటింట్లో కొన్ని కప్పుల మీద 'ఆర్' అనే అక్షరం కనిపిస్తుంది. రాసింది సోఫియా. రోజ్ తాగిన కప్పులో తాను పొరపాటున తాగకుండా ఉండడానికి గుర్తు పెట్టుకున్నదట. కప్పు వల్ల ఆ జబ్బు అంటదని నీకు తెలుసు కదా అని కూతురు నిలదీస్తే, సోఫియాకు ఆ సంగతి తెలియకపోలేదు. తెలిసినా భయం పోలేదు, అంతే. ప్రేక్షకులు నవ్వింది ఈ సోఫియాను చూసి. ఆరోగ్యంగా ఉన్న మనిషి భయాన్ని చూసి. ఉత్తరం అందుకున్న రోజ్‌ను చూసి కాదు.

నాకు ఇంకా నచ్చినది ఏమిటంటే, ఎక్కడ నవ్వు ఆపాలో ఆ రచయితలకు తెలుసు. నాలాంటి మనిషికి ఇది రావలసింది కాదు, ఎందరో మగవాళ్ళతో తిరిగిన నీకు రాలేదేమని రోజ్ ఉక్రోషంతో బ్లాంచ్‌ను అంటుంది. అది చెడ్డవాళ్ళ జబ్బు కాదనీ, పాపానికి దేవుడు వేసిన శిక్ష కాదనీ బ్లాంచ్ బదులు చెబుతుంది. అక్కడ చమత్కారం లేదు. చివరకు రోజ్‌కు జబ్బు లేదని తేలుతుంది. నిజానికి నా మట్టుకు అది కొంచెం తేలిక ముగింపే. రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫీలియా అనే జబ్బు కోసం తీసుకున్న రక్త ఉత్పత్తుల వల్ల ఎయిడ్స్ సోకి, ఇండియానాలో బడికి రావద్దనిపించుకున్న రయన్ వైట్ అనే కుర్రవాడు, ఆ భాగం ప్రసారమైన రెండు నెలల లోపే, ఏప్రిల్ 8న, 18 ఏళ్ళకే కన్నుమూశాడు.

మన దగ్గరా ఈ జబ్బు చుట్టూ ఒక నవ్వు పుట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హోర్డింగుల మీద కనిపించిన 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అన్న ప్రశ్నను ఆ కాలంవారు ఎవరూ మరచిపోరు. ఎయిడ్స్ అవగాహన ప్రచారంగా అది పేరు బాగా తెచ్చుకుంది, కాదనను. అయితే మా వీధిలో మాత్రం ఆ ప్రశ్న పక్కవాణ్ణి ఆటపట్టించడానికే పనికివచ్చింది. పులిరాజాకు వస్తుందా రాదా అన్నదే మాకు తమాషా అయింది కాని, వస్తే వాళ్ళింట్లో అతని మంచినీళ్ళ గ్లాసు ఎక్కడ పెడతారని మాలో ఎవరమూ అడగలేదు.

ఆ గ్లాసు గురించి ఒక్కమాట గట్టిగా చెప్పి ముగిస్తాను. హెచ్‌ఐవీ కప్పు వల్ల రాదు, కంచం వల్ల రాదు, ఒకే స్నానాలగది వాడుకోవడం వల్ల రాదు. క్షయ అయితే దగ్గినప్పుడు గాలి ద్వారా వ్యాపిస్తుంది కాని, గ్లాసు వల్ల కాదు. అందరి గ్లాసులూ ఎలా తోముతామో ఆ గ్లాసునూ అలా తోమితే చాలు.

మన ఇళ్ళలో స్టీలు సామాను మీద పేర్లు కొట్టించడం ముచ్చటగా చేసే పని. మా మేనత్తకు క్షయ వచ్చినప్పుడు, ఆమె పేరున్న గ్లాసును వెతికి తీసి కిటికీ గూట్లో విడిగా పెట్టారు. మందులు వాడి ఆమె పూర్తిగా కోలుకొన్నది, ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది. గ్లాసు మాత్రం గూట్లోనే ఉండిపోయింది. కాఫీ వేళకు ఆమే వెళ్ళి దాన్ని తెచ్చుకొనేది.