పండుగప్ప వేటలో లీడర్ దారం: ఏది కొనాలి, ఎలా వాడాలి

మిత్రులారా, నమస్కారం. బరంపురం చుట్టుపక్కల రాడ్డు, రీలు పట్టే తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతారు: “ఫ్లోరోకార్బన్ లీడర్ నీళ్లలో నిజంగా కనిపించదా?” అని. లీడర్ అంటే రీలు దారం చివర, ఎరకు ముందు కట్టే పొట్టి దారం; ఫ్లోరోకార్బన్ అంటే అందుకు వాడే ఒక రకం ప్లాస్టిక్ దారం. ముందు అడగవలసింది ఆ ప్రశ్న కాదు. రాపిడికి ఎంతవరకు ఆగుతుందన్నది ముందు అడగాలి.

కనిపించడం సంగతి త్వరగా ముగిస్తాను. నీటి వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే కొలత, 1.33, ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.42, నైలాన్‌ది 1.5కు పైన. నీటికి దగ్గరగా ఉంది కాబట్టి చేప కంటికి తక్కువగా ఆనుతుంది, అంతేగాని మాయమైపోదు. అమెరికాలో తేటనీటి సరస్సుల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే చేపను పట్టేవారికి ఇది పెద్ద వరం. వాళ్లు 10, 12 పౌండ్ల లాగుడుకు ఆగే సన్నదారంతో నెట్టుకొస్తారు. ఆ వీడియోలు చూసి అదే దారంతో సోనాపురం దగ్గర బాహుదా నది మొగకు, అంటే నది సముద్రంలో కలిసేచోటుకు, వస్తే చేపా పోతుంది, ఎరా పోతుంది. వానాకాలపు బురదనీటిలో దారం కనిపించిందా లేదా అన్న చర్చే అనవసరం.

మన చేప పండుగప్ప, ఒడియావారి భెక్తి. దారాన్ని కొరికి తెంచే కోరలు దానికి లేవు. పెదవుల లోపల చిన్న చిన్న గరుకు పళ్లుంటాయి, మొప్పమూత అంచు మాత్రం కత్తే. చేప నీటిపైకి ఎగిరి తల విదిలించిన ప్రతిసారీ దారం ఈ రెండింటికీ రాసుకుంటుంది. పైగా గాలం తగలగానే అది రాళ్ల సందుకో, మునిగిన మొద్దుల కిందికో దూరాలని చూస్తుంది. రీలుకు చుట్టే అల్లిక దారం, అంటే బ్రెయిడ్, లాగుడుకు ఎంత బలమైనదైనా, బిగిసి ఉండగా రాతి మీది గుల్ల అంచు తగిలితే ఇట్టే తెగుతుంది. లీడర్ అవసరం అక్కడ.

అందుకని ఇసుక మొగలో 30 పౌండ్లు, రాళ్ల దగ్గర 40 నుంచి 50 పౌండ్లు తీసుకోండి. పొడవు బారెడు చాలు, రాళ్లుంటే బారెడున్నర. కొనేటప్పుడు డబ్బా మీద “100 శాతం ఫ్లోరోకార్బన్” అని ఉందో లేదో చూడండి. “ఫ్లోరోకార్బన్ పూత” అని ఉంటే లోపల ఉన్నది నైలానే. జపాన్‌కు చెందిన కురేహా 1971లో తెచ్చిన ఈ దారం నీరు పీల్చదు, నైలాన్ పీల్చి బలం తగ్గుతుంది. సాంద్రత సుమారు 1.78 కాబట్టి ఇది మునుగుతుంది. నీటిపై తేలే ఎర కట్టినప్పుడు ఈ బరువు ఎర ముక్కును కిందికి లాగుతుంది, అప్పుడు నైలాన్ లీడరే మేలు.

ముడి దగ్గర తొందర పనికిరాదు. ఫ్లోరోకార్బన్ బిరుసు. పొడిగా ఉండగా లాగితే రాపిడి వేడికే దెబ్బతింటుంది. ఉమ్మితో తడిపి, ఒకే ఊపున కాకుండా నెమ్మదిగా బిగించండి. ముడి పక్కన దారం ఉంగరాలు తిరిగినా, తెల్లబారినా మొహమాటం లేకుండా కోసి మళ్లీ కట్టండి. బ్రెయిడ్‌కు కలపడానికి ఎఫ్‌జీ ముడి మంచిది, రాడ్డు వలయాల గుండా సాఫీగా జారుతుంది. చీకట్లో, గాలిలో అది కుదరనివారు దానికంటే తేలికైన డబుల్ యూని ముడి కట్టుకోండి.

చేప దొరికాక ఫోటో తరువాత. ముందు ఎర దగ్గరి జానెడు దారాన్ని బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా లాగండి. నునుపుగా ఉన్నట్టు కంటికి కనిపించేచోట కూడా గోటికి గరుకు తగులుతుంది. తగిలితే ఆ జానెడూ తీసేయండి. చాలామంది ఇక్కడే పిసినారితనం చేస్తారు, తరువాతి పెద్ద చేప అక్కడే తెంచుకుపోతుంది.

పెద్దదంటే ఆడదని గుర్తుంచుకోండి. పండుగప్ప మొదట మగగా ఎదిగి, పెరిగాక ఆడదిగా మారుతుంది. గుడ్లు పెట్టేది ఆ పెద్దవే. వాటిని వదిలేయమని మిమ్మల్ని బతిమాలుతున్నాను. లావు లీడర్‌తో త్వరగా ఒడ్డుకు తెస్తే చేప అలసిపోకుండా తిరిగి ఈదుకుపోతుంది. సన్నదారంతో గంట సేపు ఆడించి వదిలితే బతుకుతుందన్న నమ్మకం లేదు. ఇక కోసిన ముక్కలు. ఫ్లోరోకార్బన్ కుళ్లదు, ఋషికుల్య మొగలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. చిన్న డబ్బా ఒకటి జేబులో పెట్టుకుని ముక్కలన్నీ అందులో వేసి ఇంటికి తీసుకెళ్లండి.