చిన్న కుక్కకి వాంతులు, మోషన్స్: ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు బయల్దేరాలి

నమస్తే అండి. ఇంట్లో పామరేనియనో, షిట్జూనో, పగ్గో, డాక్స్‌హండో ఉన్నవాళ్ళ కోసం ఈ వీడియో. కుక్క కక్కింది, లేదా మోషన్స్ పట్టుకున్నాయి. టైము రాత్రి పదకొండు. ఇప్పుడు బండి తీయాలా, తెల్లారాక చూద్దామా? ఇవాళ ఈ ఒక్కదానికే జవాబు చెప్తాను. మందుల పేర్లు మాత్రం చెప్పను, కామెంట్లలో అడిగినా చెప్పను.

ముందు ఒక చిన్న లెక్క. కుక్క ఒంట్లో రక్తం కిలో బరువుకి సుమారు 80 నుంచి 90 మిల్లీలీటర్లు ఉంటుంది. అంటే 3 కిలోల కుక్కలో మొత్తం రక్తం పావు లీటరు. 30 కిలోల లాబ్రడార్‌లో రెండున్నర లీటర్లు. వాంతుల్లో, మోషన్స్‌లో ఓ గ్లాసుడు నీళ్ళు పోతే లాబ్రడార్ తట్టుకుంటుంది. మీ 3 కిలోల దానికి అదే గ్లాసు ప్రాణం మీదకి తెస్తుంది. అందుకే "మా పక్కింటివాళ్ళ లాబ్రడార్ రెండు రోజులు కక్కి దానంతటదే లేచింది డాక్టర్ గారూ" అంటే నేను ఒప్పుకోను. ఆ అనుభవం ఆ కుక్కకే.

ఇంకో మాట. క్లినిక్‌కి ఫోన్ చేసే నూటికి తొంభై మంది నేల మీద పడ్డదాన్నే వర్ణిస్తారు. పసుపు రంగు, నురగ, జిగురు, అన్నం మెతుకులు... అదీ కావాలి, కాదనను. కానీ నేను మొదట అడిగేది కుక్క ఏం చేస్తోందని. పిలిస్తే చూస్తోందా? తోక ఊపుతోందా? లేక మంచం కిందకి, మూలకి వెళ్ళి పడుకుందా? ఒక్కసారి కక్కి, పావుగంటలో బాల్ తెచ్చి మీ ఒళ్ళో పెట్టిందంటే భయం లేదు. ఒక్కసారే కక్కి, తరవాత నిలబడలేకపోతే, ఆ ఒక్కసారి చాలు బయల్దేరడానికి.

సరే, ఇప్పుడు చేసి చూపిస్తాను. వీడు బిట్టు, పామరేనియన్, 4 కిలోలు. ఇవాళ మనకి సాయం చేస్తాడు. కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురామ్మా. చూడండి, పై పెదవిని ఇలా బొటనవేలితో పైకి ఎత్తాను. కోర పన్ను పైన చిగురు ఉంది కదా, లేత గులాబీ రంగు. వేలితో తాకితే తడిగా, జారుతున్నట్టు ఉంది. ఇప్పుడు చిగురు మీద వేలితో ఒత్తి వదిలేస్తున్నాను. ఒత్తిన చోట తెల్లబడింది... మళ్ళీ రంగు వచ్చేసింది. రెండు సెకన్ల లోపు రావాలి. రెండు సెకన్లు దాటి ఇంకా తెల్లగానే ఉంటే రక్తప్రసరణ సరిగా లేదన్నమాట. చిగురు పాలిపోయినా, తెల్లగా ఉన్నా, నీలంగా ఉన్నా, ఇటుక రంగులో ఉన్నా అప్పుడే బయల్దేరాలి. పచ్చగా ఉంటే కామెర్లు, అదీ ఆగకూడదు. వేలికి చిగురు అంటుకుపోతున్నట్టు, బంకగా ఉంటే ఒంట్లో నీళ్ళు తగ్గాయి.

కొన్ని కుక్కలకి చిగుళ్ళు నల్లగానే ఉంటాయి, పగ్స్‌లో ఇది మామూలే. అలాంటప్పుడు కింది కనురెప్పని కొద్దిగా లాగి లోపలి రంగు చూడండి. ఒక పని చేయండి: కుక్క బాగున్నప్పుడు, ఇవాళే, ఒకసారి చూసి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. జబ్బు చేసిన రోజు పక్కన పెట్టి చూసుకోవచ్చు.

మెడ మీద తోలు పట్టుకుని లాగి చూసే పద్ధతి మీలో చాలామందికి తెలుసు. లాగి వదిలితే వెంటనే కిందకి పోవాలి. అయితే ముసలి కుక్కకి, బక్క కుక్కకి తోలు ఎలాగూ నెమ్మదిగానే పోతుంది. బాగా కొవ్వు పట్టిన కుక్కకి ఒంట్లో నీళ్ళు లేకపోయినా టక్కున పోతుంది. నేను చిగురునే నమ్ముతాను.

జ్వరం సంగతి. ముట్టుకుని చెప్పేది కాదిది. ముక్కు వేడిగా ఉంటే జ్వరం, తడిగా ఉంటే ఆరోగ్యం అనేది మనవాళ్ళ నమ్మకం, అంతే. మెడికల్ షాపులో దొరికే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కుక్కకి విడిగా కొనండి. మొనకి కొంచెం వాజిలిన్ రాసి, తోక ఎత్తి, ఆసనంలో అంగుళం లోపలికి పెట్టాలి. బిట్టూ, ఒక్క నిమిషం నాన్నా... 101.6. కుక్కకి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు మామూలే. మనకైతే అది జ్వరం, వీడికి కాదు. 104 దాటినా, 99 కంటే తగ్గినా ఎమర్జెన్సీ. తగ్గడం ఇంకా ప్రమాదం. ఒళ్ళు చల్లబడుతోందంటే షాక్‌లోకి వెళ్తోందని అర్థం.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఎదిగిన కుక్క, టీకాలు అన్నీ అయినది, ఒకటి రెండు సార్లు కక్కింది లేదా మోషన్ పలచగా అయింది, హుషారు తగ్గలేదు, తాగిన నీళ్ళు లోపలే నిలుస్తున్నాయి. అలాగైతే ఒక రోజు చూడొచ్చు. కొంచెం కొంచెం నీళ్ళు, తోలు, ఎముక లేని ఉడికించిన చికెన్ కాస్త, మెత్తటి అన్నం కాస్త. ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏమీ వేయకండి. పొద్దున్నే పరగడుపున పసరు కక్కి, తరవాత మామూలుగా తినేసే కుక్కలు ఉంటాయి. రాత్రి ఆలస్యంగా నాలుగు ముద్దలు పెడితే చాలావాటికి ఆగిపోతుంది. రోజూ జరుగుతుంటే చూపించండి, కానీ అర్ధరాత్రి పరుగు అక్కర్లేదు.

ఆగకూడనివి ఇవి. తాగిన నీళ్ళు కూడా పది నిమిషాల్లో కక్కేస్తుంటే. కొన్ని గంటల్లోనే మూడు నాలుగు వాంతులైతే. వాంతులూ మోషన్సూ రెండూ కలిసి వస్తే. వాంతిలో ఎర్రటి రక్తం ఉన్నా, ఫిల్టర్‌లో మిగిలిన కాఫీ పొడిలాంటి నల్లటి పిప్పి ఉన్నా. మలం తారులా నల్లగా, జిగటగా, కంపు కొడుతుంటే. పొట్ట ఉబ్బి, కక్కడానికి తంటాలు పడుతూ ఏమీ రాకపోతే. కడుపు ముట్టుకోనివ్వకపోతే. ఆర్నెల్ల లోపు పప్పీ అయితే ఈ లిస్టు కూడా చూడక్కర్లేదు, వాంతో మోషనో మళ్ళీ మళ్ళీ అవుతోందంటే ఆ రోజే చూపించాలి.

ఒక జబ్బు గురించి కాస్త నింపాదిగా చెప్పాలి. ఇది చిన్న జాతి కుక్కలకే ఎక్కువ వస్తుంది. నిన్న రాత్రి దాకా బాగుంటుంది. పొద్దున ఒకటి రెండు వాంతులు. మధ్యాహ్నానికి మోషన్ అంటే మోషన్ కాదు, స్ట్రాబెర్రీ జామ్ ఒలికినట్టు జిగురుగా రక్తం. పేగు లోపలి పొర దెబ్బతిని, రక్తంలోని నీళ్ళన్నీ పేగులోకి కారిపోతాయి. అప్పుడు రక్తం తీసి చూస్తే చిక్కబడి ఉంటుంది. మామూలుగా కుక్క రక్తంలో ఎర్రకణాల భాగం 37 నుంచి 55 శాతం, ఈ కుక్కల్లో 60 కూడా దాటుతుంది. అందుకే చిగుళ్ళు బాగా ఎర్రగా కనపడొచ్చు. "ఎర్రగానే ఉన్నాయి కదా, రక్తం బాగానే ఉంది" అనుకుంటారు. కాదు, అది చిక్కదనం. సెలైన్ వెంటనే ఎక్కిస్తే రెండు మూడు రోజుల్లో చాలా కుక్కలు లేచి కూర్చుంటాయి. ఎక్కించకపోతే కొన్ని గంటల్లో షాక్. ఇంట్లో మజ్జిగ తాగించి గెలిచే జబ్బు కాదిది.

పప్పీల్లో రక్తపు మోషన్ అంటే మేం మొదట అనుమానించేది పార్వో అనే వైరస్ జబ్బు. టీకాలు పూర్తి కాని పప్పీల్లో ఎక్కువ. ముందు డల్‌గా ఉంటుంది, తిండి మానేస్తుంది, తరవాత వాంతులు, ఆ తరవాత ఆ కంపు... ఒకసారి ముక్కుకి తగిలితే మర్చిపోలేరు. ఒక టీకా వేయించాం కదా అంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా విడతలుగా వేయాలి, ఒక్కటి చాలదు. పార్వో అనుమానం ఉంటే క్లినిక్‌కి ముందే ఫోన్‌లో చెప్పి తీసుకురండి, వెయిటింగ్ హాల్లో వేరే పప్పీల పక్కన కూర్చోబెట్టకండి. ఆ వైరస్ నెలల తరబడి నేల మీద బతుకుతుంది.

చిన్న పప్పీలకి ఇంకో గండం, షుగర్ పడిపోవడం. కొన్ని గంటలు తినకపోయినా చాలు. వణుకుతుంది, తూలుతుంది, వేలాడిపోతుంది. అప్పుడు తేనె గానీ, చిక్కటి పంచదార నీళ్ళు గానీ వేలితో చిగుళ్ళకి రాసి, వెంటనే బయల్దేరండి. నోట్లో పోయకండి. నీరసంగా ఉన్న కుక్కకి సిరంజితో నీళ్ళు పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అప్పుడు న్యుమోనియా ఇంకోటి తోడవుతుంది.

ఎండాకాలం వస్తే మా దగ్గరికి మామిడి టెంకల కేసులు వస్తాయి. తీపి, పీచు, వాసన... కుక్క వదలదు, చిన్న టెంకయితే గుటుక్కున మింగేస్తుంది. మింగిన రోజే తెలియాలని లేదు. కడుపులో వారాల తరబడి ఊరికే ఉండి, ఒకరోజు పేగులోకి జారి అడ్డం పడొచ్చు. అప్పుడు తిండి మానేస్తుంది, ఏం పెట్టినా కక్కుతుంది. మొదట్లో కొంచెం మోషన్ కూడా అవుతుంది, దాంతో "అడ్డు ఏమీ లేదులే" అని మోసపోతాం. ఎముక పడినంత స్పష్టంగా టెంక ఎక్స్‌రేలో పడదు, స్కానింగ్ అవసరమవుతుంది. కాబట్టి టెంక, మొక్కజొన్న బెండు, సాక్సు లాంటివి ఏవైనా మాయమై ఉంటే అడక్కముందే డాక్టర్‌కి చెప్పండి. నోట్లోంచో ఆసనంలోంచో దారం వేలాడుతుంటే మాత్రం లాగకండి. లోపల పేగు దాని మీద ముడతలు పడి ఉంటుంది, లాగితే కోసుకుపోతుంది.

పండగ మర్నాడు వచ్చే కేసులు వేరు. మటన్ కొవ్వు, వేపుడు ముక్కలు పెడతారు. క్లోమం వాచిపోతుంది. గుర్తు ఏమిటంటే, ముందు కాళ్ళు చాపి ఛాతీ నేలకి ఆనించి, వెనక భాగం ఎత్తి పెట్టుకుంటుంది, దండం పెడుతున్నట్టు. ఆడుకుందాం రమ్మన్నప్పుడు కూడా అలాగే వంగుతుంది, నిజమే. కానీ అప్పుడు తోక ఊగుతుంది, కళ్ళు మెరుస్తాయి. నొప్పి ఉన్న కుక్క అలాగే కదలకుండా ఉంటుంది.

పొట్ట జబ్బులా కనపడి పొట్ట జబ్బు కానివి రెండు ఉన్నాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క, హీట్ అయి ఒకటి రెండు నెలలైంది, కక్కుతోంది, నీళ్ళు తెగ తాగుతోంది, డల్‌గా ఉంది. అది గర్భసంచిలో చీము కావొచ్చు. కింద చీము కనపడాలని కూడా లేదు. రెండోది, మగకుక్క వంగి ముక్కుతోంది, మలబద్ధకం అనుకుంటాం. మూత్రం వస్తోందా చూడండి. చుక్క కూడా రాకపోతే రాళ్ళు అడ్డుపడ్డాయేమో, అదీ ఆ రాత్రే చూడాల్సినదే.

విషం సంగతి. ఎలకల మందు తిన్నదని అనుమానం వస్తే మనవాళ్ళు మొదట చేసేది పాలు పోయడం, గుడ్డు కొట్టి పోయడం. వద్దండి. బూడిద రంగు పొడిగా వచ్చే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిస్తే విషవాయువు పుడుతుంది, తిండి పడితే అది ఇంకా ఎక్కువవుతుంది. ఆ కుక్క కక్కితే వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేప వాసనో వస్తుంది. అది మీరూ పీల్చకూడదు, కారు అద్దాలు దించి తీసుకెళ్ళండి. కేకుల్లా వచ్చే రకం ఇంకో తీరు. తిన్నాక మూడు నాలుగు రోజులు ఏమీ తెలియదు, ఆ తరవాత లోపల రక్తం కారడం మొదలవుతుంది. బాగానే ఉంది కదా అని ఆగకూడదు. పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్, పంచదార లేని చూయింగ్ గమ్, ఇవి కూడా ఇదే ఖాతా. ఉప్పు నీళ్ళు పోసి కక్కించకండి, ఆ ఉప్పే చంపగలదు.

ఇక మన మాత్రలు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్... ఒక్క మాత్ర మనిషికి 60 కిలోలకి, దానికి 3 కిలోలకి. అవి వేసి తెస్తే అసలు జబ్బు కంటే ముందు ఆ మాత్రకే వైద్యం చేయాల్సి వస్తుంది. మోషన్ ఆపే మాత్రలూ అంతే, బయటికి పోవాల్సింది లోపలే ఉండిపోతుంది. దిష్టి తీస్తామంటారా, తీయండి, రెండు నిమిషాల పని. తీసి బండెక్కండి.

వచ్చేటప్పుడు కక్కినదాని ఫోటో, మోషన్ కొంచెం ఒక డబ్బాలో, టీకాల పుస్తకం, ఏదైనా తిని ఉంటే దాని ప్యాకెట్ తెండి. వాంతి అంటున్నది నిజంగా వాంతో, దగ్గి దగ్గి చివర్లో నురగ కక్కడమో వీడియో చూస్తే తెలిసిపోతుంది. పామరేనియన్లలో ఈ రెండూ తరచూ తికమక అవుతాయి.

ఎక్కడికి వెళ్ళాలి? హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ హాస్పిటల్ ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉంది. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం కాలేజీల ఆస్పత్రులున్నాయి. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం, అర్ధరాత్రి పామరేనియన్‌కి వాటినే నమ్ముకోకండి. రాత్రి డాక్టర్ ఉంటారా, చేర్చుకుని సెలైన్ పెడతారా, రక్తపరీక్ష, స్కానింగ్ అక్కడే ఉన్నాయా అని మీ దగ్గర్లోని క్లినిక్‌లకి ఇవాళ పగలే ఫోన్ చేసి కనుక్కుని, అవునన్న నంబరు సేవ్ చేసుకోండి.

సందేహాలుంటే కింద రాయండి, చూసి జవాబిస్తాను. మీ కుక్క ఇప్పుడే కక్కుతుంటే మాత్రం కామెంట్ పెట్టి నా జవాబు కోసం కూర్చోకండి. చిగురు చూసి, ఆ నంబరుకి ఫోన్ చేయండి.