సరిత గొంతు పడిన కష్టం

(విశాఖపట్నం, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులు మాస్టారికి, వేదిక మీదున్న పెద్దలకి, హాలు ఇచ్చిన గ్రంథాలయం వారికి, ఎండలో పడి వచ్చిన మీ అందరికీ నమస్కారాలు. ముందు వరసలో ఉన్న పిల్లలు ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ నుంచి వచ్చారని ఇప్పుడే చెప్పారు. చాలా సంతోషం. మీతో నాకు పని ఉంది, మధ్యలో లేచి వెళ్ళిపోకండి.

నాకిచ్చిన అంశం సరిత గారి నట జీవితం. విశాఖలో ఈ పేరెత్తితే ఎవరైనా ముందు ‘మరో చరిత్ర’ దగ్గరికే వెళ్తారు. 1978లో వచ్చిన నలుపు తెలుపు సినిమా. ఆమెకు అదే మొదటి సినిమా. ఆమెది గుంటూరు జిల్లా మునిపల్లె. సినిమాలో కనిపించే సముద్రం మనది, భీమిలి మనది. ఈ హాల్లో తల నెరిసినవాళ్ళలో సగం మంది ఆ షూటింగ్ చూశామనే అంటారు. చూసే ఉంటారు, నేను కాదనను. అప్పటికి హీరోయిన్ అంటే తెల్లగా, సన్నగా ఉండాలన్న పట్టింపు బలంగా ఉండేది. దర్శకుడు బాలచందర్ గారు ఆ పట్టింపును పక్కనపెట్టి, చామనఛాయ పిల్లను, ఆ పెద్ద కళ్ళను కథకు నడుమ నిలబెట్టారు. తెలుగమ్మాయి, తమిళ అబ్బాయి, ఒకరి భాష ఒకరికి రాదు. అలాంటి కథను మొదటి సినిమాలోనే ఆమె మోసింది.

తర్వాత సంగతులు త్వరగా చెబుతాను, ఎందుకంటే ఇవి మీకు ఎక్కడైనా దొరుకుతాయి. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నాలుగింటిలోనూ చేసింది. కన్నడంలో రాజ్‌కుమార్ గారి పక్కన ‘హొస బెళకు’ 1982లో, మలయాళంలో మమ్ముట్టి పక్కన ‘కాతోడు కాతోరం’ 1985లో. తమిళంలో 1981 నాటి ‘తణ్ణీర్ తణ్ణీర్’ గురించి మాత్రం ఒక్క నిమిషం ఆగుతాను. అది కోమల్ స్వామినాథన్ రాసిన రంగస్థల నాటకం నుంచి తీసిన సినిమా. నీళ్ళు లేని పల్లె కథ. నాటకం వాళ్ళు ఇక్కడున్నారు కాబట్టి చెబుతున్నాను, దొరికితే చూడండి. అందులో ఆమెకు హీరోయిన్ హంగులేవీ లేవు. ఆ పల్లెలో బతికే మనిషిలాగే ఉంటుంది.

ఇంతవరకూ పత్రికల్లో, పుస్తకాల్లో ఉంటుంది. ఆ తర్వాత మాత్రం అందరూ ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు, ఆమె డబ్బింగ్ కూడా చెప్పారు అని. ఆ ‘కూడా’ దగ్గరే నాకు కడుపు మండుతుంది. విజయశాంతి, నగ్మా, సౌందర్య తెరమీద మాట్లాడుతుంటే మనం విన్నది చాలాసార్లు సరిత గొంతు. ముగ్గురూ ముగ్గురే. ఒకరు కోపంతో పళ్ళు కొరికితే ఇంకొకరు గారాలు పోతారు, మరొకరు కడుపులోంచి ఏడుస్తారు. ఒకే మనిషి ఈ ముగ్గురిగానూ మాట్లాడింది. మనం థియేటర్లో కూర్చుని ఎప్పుడైనా అనుమానపడ్డామా?

డబ్బింగ్ ఎలా ఉండేదో ఈ పిల్లలకు తెలియాలి. కంప్యూటర్లు రాకముందు సీన్‌ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క కొసలు రెండూ అతికించి, అదే ముక్కను తెరమీద మళ్ళీ మళ్ళీ తిప్పేవారు. దాన్నే లూప్ అనేవారు. సీన్లో ఉన్నవాళ్ళందరూ ఒకే మైకు ముందు నిలబడాలి. నలుగురిలో ఒక్కరు తడబడితే నలుగురూ మళ్ళీ చెప్పాలి. భాష రాని నటి సెట్లో ప్రాంప్టింగ్ విని ముక్కముక్కలుగా పలుకుతుంది, ఒక్కోసారి ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టి పెదవి కదుపుతుంది. ఆ కదిలిన పెదవికి సరిపోయేలా అర్థమున్న తెలుగు మాట పలకాలి. ‘ప’, ‘బ’, ‘మ’ దగ్గర పెదవి మూసుకుంటుంది, అక్కడ తప్పితే చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. మాటలు ఒక్కటే కాదు. పరుగెత్తి వచ్చిన ఆయాసం, మింగేసిన ఏడుపు, మాట మొదలయ్యే ముందు తీసుకునే ఊపిరి, అన్నీ చీకటి గదిలో కదలకుండా నిలబడి ఇవ్వాలి. ఒళ్ళు కదిలితే బట్టల చప్పుడు మైకులో పడుతుంది. ఇది నటన కాదా? చెప్పండి.

రోజారమణి గారి సంగతీ ఇంతే. 1967లో ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడిగా ఊరూరా ముద్దుచేసిన పిల్ల. పెద్దయి హీరోయిన్ అయింది, ఆ తర్వాత ఎంతోమంది హీరోయిన్లకు గొంతయింది. ప్రహ్లాదుడిని అందరూ గుర్తుపెట్టుకున్నారు. ఆ గొంతులో బతికిన హీరోయిన్ల పేర్లు ఎంతమంది చెప్పగలరు?

ఇక నా సంగతి. మాస్టారు గడియారం చూస్తున్నారు. అయినా ఇది చెప్పకపోతే నేను వచ్చి ప్రయోజనం లేదు. రేడియో నాటకాల్లో మాట్లాడిన అలవాటుతో నేను కొన్నాళ్ళు టీవీ సీరియల్ డబ్బింగ్‌కి వెళ్ళాను. మన సీరియళ్ళలో చాలామంది కథానాయికలు కర్ణాటక నుంచి వస్తారు, బాగా నటిస్తారు, తెలుగు మాత్రం ఇంకొకరు మాట్లాడతారు. ఒక సీరియల్‌లో ఆ మాట్లాడింది నేను. ఒకరోజు గాజువాక బస్సులో కండక్టర్‌ని చిల్లర అడిగాను. పక్క సీట్లో పెద్దావిడ గిరుక్కున తిరిగి, “ఏటమ్మా, నీ గొంతు అచ్చం మా సీరియల్లో పిల్ల గొంతునాగే ఉంది” అంది. నాదేనమ్మా అన్నాను. ఆవిడ నమ్మలేదు. అప్పుడు బస్సులోనే, ఆ వారం కోడలు అత్తగారితో అన్న మాట చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత అడిగింది, “మరి నీ పేరు ఎందుకెయ్యరమ్మా?”

అదే మాట నేను ఆ కంపెనీ మేనేజర్‌ని అడిగాను. “పేరు వేస్తే హీరోయిన్ గారు ఫీలవుతారు మేడమ్” అన్నాడు. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా ఫీలవలేదు! స్టూడియోకి వచ్చి “అక్కా, నాకన్నా నువ్వే బాగా ఏడ్చావు” అని నన్ను కావలించుకున్న పిల్ల అది. అడ్డం పడింది మధ్యవాళ్ళు. మేకప్ వాళ్ళ పేర్లు, ప్రొడక్షన్ కుర్రాళ్ళ పేర్లు టైటిల్స్‌లో వచ్చేవి. రావలసిందే, వాళ్ళూ కష్టపడ్డారు. అదే కష్టం గొంతు పడలేదా? సాక్షాత్తూ ప్రభుత్వమే నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు ఒక విభాగం పెట్టింది. అవార్డు ఇవ్వదగ్గ పనికి తెరమీద రెండు క్షణాల చోటు లేదా?

సరిత గారి దగ్గరికి వస్తాను. 2004లో ‘అర్జున్’లో విలన్‌గా వచ్చింది. మా ఇంట్లో కుర్రాళ్ళు “ఎవరీవిడ, భలే చేసింది, ఇన్నాళ్ళూ ఎక్కడుంది?” అన్నారు. ఎక్కడికీ పోలేదురా, మీ చిన్నప్పుడంతా మీ చెవుల్లోనే ఉంది అన్నాను. 2023లో తమిళంలో ‘మావీరన్’లో తల్లిగా వచ్చింది, అప్పుడూ ఇదే ప్రశ్న. మధ్య ఏళ్ళు ఖాళీ అనుకుంటున్నారు. ఖాళీ కాదు. నేను మళ్ళీ మళ్ళీ చెబుతున్నాను, విసుక్కోకండి, అవి ఖాళీ ఏళ్ళు కాదు. ఆమె నట జీవితం రాసేవాళ్ళు ముఖం కనిపించిన సినిమాల పక్కనే గొంతు వినిపించిన సినిమాలూ వరసగా రాయాలి. అప్పుడే అది పూర్తి జీవితం.

పిల్లలూ, మీతో పని అన్నాను కదా. మీరు షార్ట్ ఫిలింలు తీస్తున్నారు, బీచ్ రోడ్డులో కెమెరాలతో మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. గాలి హోరుకి సౌండ్ పాడై, తర్వాత ఎవరో స్నేహితురాలిని పిలిచి డబ్బింగ్ చెప్పించుకుంటారు. ఆ అమ్మాయి పేరు వెయ్యండి. చివర్లో థాంక్స్ జాబితాలో కాదు, పాత్ర పేరు పక్కన, నటించిన అమ్మాయి పేరు కిందనే వెయ్యండి. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, మీరే డైరెక్టర్లు.

పెద్దవాళ్ళకు ఒక మాట. గుమ్మం దగ్గర బల్ల మీద నోటుబుక్కు పెట్టించాను. ఏ సినిమాలో, ఏ సీరియల్లో ఎవరికి ఎవరు గొంతిచ్చారో మీకు నిక్కచ్చిగా తెలిసుంటే అందులో రాసి వెళ్ళండి. ఊహించి మాత్రం రాయకండి. డబ్బింగ్ చెప్పినవాళ్ళు ఈ హాల్లో ఎవరున్నా ముందు మీ పేరే రాయండి, మొహమాటపడకండి. సభ అయ్యాక నేను ఆ బల్ల దగ్గరే ఉంటాను. నమస్కారం.