777 కొట్టే ముందు

మిత్రులారా, సర్వర్‌లో సైటు పెట్టాం. బ్రౌజర్ తెరిస్తే 403, అంటే చూసే అనుమతి లేదన్న ఎర్రర్. వెంటనే చాలామంది చెయ్యి 777 మీదికి, అంటే ఫైళ్లకు అన్ని అనుమతులూ అందరికీ ఇచ్చే అంకె మీదికి పోతుంది. సర్వర్‌లో ఏ యూజరైనా, ఏ ప్రోగ్రామైనా ఆ ఫైళ్లను మార్చుకోవచ్చని రాసివ్వడమే అది.

తమాషా ఏమిటంటే, చాలాసార్లు దానితో పని కూడా జరగదు. ఉబుంటు లినక్స్ సంగతే చూడండి. వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎన్‌జిన్‌ఎక్స్ మాస్టర్ ప్రాసెస్ సర్వాధికారాలున్న రూట్ యూజర్‌గా మొదలవుతుంది, వెబ్ వాడే 80వ పోర్టు తెరవాలి గనక. పేజీలు అందించే వర్కర్లు మాత్రం డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్‌గా నడుస్తాయి. ఆయన్ని వెబ్ యూజర్ అందాం, నోరు తిరగాలి కదా! మీరేమో కోడ్‌ను మీ హోమ్ డైరెక్టరీలో పెట్టారు. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలకు ఉండేది 750. మొదటి అంకె యజమానికి, రెండోది గ్రూపుకు, చివరి సున్నా బయటివాళ్లకు. చదవడానికి 4, రాయడానికి 2, ఎక్స్‌కు 1, ఇచ్చినవాటిని కూడితే ఆ అంకె. డైరెక్టరీకి ఎక్స్ అనుమతి ఉంటేనే దాన్ని దాటి లోపలికి వెళ్లగలరు. పైనే దారి మూసుకుపోయాక లోపలి ఫైలుకు 777 ఇచ్చి ఏం లాభం? అది తెలియక ఒక్కో మెట్టూ ఎక్కి హోమ్ డైరెక్టరీకీ 777 ఇస్తారు. సైటు తెరుచుకుంటుంది. కానీ అందరూ రాయగల హోమ్‌ను, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్ నమ్మదు, కీతో లాగిన్ ఆగిపోతుంది!

నేమ్ఐ కమాండ్‌కు ఎల్ ఆప్షన్ తగిలించి ఫైలు పాత్ ఇవ్వండి. మొదటి డైరెక్టరీ నుంచి ఫైలు దాకా ఒక్కొక్కదాని యజమాని, అనుమతులు వరసగా చూపిస్తుంది. ఎక్కడ అడ్డుపడిందో కళ్లకు కడుతుంది.

మరి కోడ్ ఎవరి పేరున ఉండాలి? మొత్తం వెబ్ యూజర్‌కే రాసిచ్చెయ్యమనే సలహా తరచూ వింటాం. నా దృష్టిలో అది 777కు తమ్ముడే. సైటు కోడ్‌ను నడిపే పీహెచ్‌పీ కూడా మామూలుగా ఆ యూజర్‌గానే నడుస్తుంది. కోడ్‌లో చిన్న కన్నం దొరికినా, చొరబడినవాడు కోడ్‌నే తిరగరాస్తాడు. అందుకే డిప్లాయ్ పనికి, అంటే కోడ్‌ను సర్వర్‌లో పెట్టే పనికి, వేరే యూజర్‌ను పెట్టి, కోడ్‌ను అతని పేరున ఉంచండి. గ్రూపు వెబ్ యూజర్‌ది. ఫైళ్లకు 640, డైరెక్టరీలకు 2750. ముందున్న 2 వల్ల, లోపల కొత్తగా పుట్టే ఫైళ్లకూ అదే గ్రూపు వస్తుంది. పాస్‌వర్డులున్న కాన్ఫిగ్ ఫైలు బయటివాళ్లకు కనబడదు.

అప్‌లోడ్ ఫోల్డరుకు మాత్రం 2770 తప్పదు, అక్కడ వెబ్ యూజర్ రాయాలి. అలా రాయనిచ్చిన చోట పీహెచ్‌పీని నడవనివ్వకండి, ఎన్‌జిన్‌ఎక్స్‌లోనే ఆపెయ్యండి. లేకపోతే ఫొటో ముసుగులో వచ్చిన స్క్రిప్టు అక్కడి నుంచే నడుస్తుంది.

ఇంకో యూజర్‌గా కమాండ్ నడిపించే సుడోతో వెబ్ యూజర్‌గా మారి, కోడ్ డైరెక్టరీలో ఒక ఖాళీ ఫైలు సృష్టించబోయి చూడండి. అనుమతి లేదని తిరస్కరిస్తే అమరిక కుదిరినట్టే. ఇక టెర్మినల్ తెరుద్దాం.