రెండు కన్నాల సంగతి

(అపార్ట్‌మెంట్ వాసుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు చదవమని చీటీ ఇచ్చారు. కళ్లజోడు బండిలో మర్చిపోయాను, పెద్దలు క్షమించాలి.

నేను వడ్రంగిని. మా నాన్న టేకు మంచాలు చేసేవాడు. నేను హైదరాబాద్ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది, ఇప్పుడు ఎక్కువగా అట్టపెట్టెలు విప్పి వార్డ్‌రోబ్‌లు బిగిస్తున్నాను. 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా తెరిచాక అందరికీ విడి ముక్కలుగా వచ్చే ఈ వార్డ్‌రోబ్ పెట్టెల మోజు పట్టుకుంది. వాటిని మన అవసరానికి తగ్గట్టు ఎలా మార్చుకోవాలో చెప్పమన్నారు. చెప్తాను.

ఇంటికెళ్లి వార్డ్‌రోబ్ తలుపు తీసి పక్క చెక్క చూడండి. పై నుంచి కింది దాకా చిన్న చిన్న కన్నాలు వరసగా ఉంటాయి. చాలా కంపెనీల పెట్టెల్లో కన్నానికీ కన్నానికీ మధ్య 32 మిల్లీమీటర్లు, కన్నం వెడల్పు 5 మిల్లీమీటర్లు. అర నచ్చకపోతే పిన్నులు తీసి పై కన్నంలో పెట్టుకోవచ్చు. దీని కోసమే ఇంత డబ్బు పోసి కొంటాం. కానీ మొదటి రోజు నేను పెట్టిన అర పదేళ్లయినా అక్కడే ఉంటుంది! పిల్లవాడి నిక్కర్లు ప్యాంట్లయినా అర కదలదు. అమ్మా, కదపండి. చొక్కాలకు మీటరు ఎత్తు చాలు, కాబట్టి రెండు మీటర్ల పెట్టెలో పైన ఒక రాడ్డు, కింద ఒక రాడ్డు వేసుకోవచ్చు. పొడుగు డ్రెస్సులకు మాత్రం మీటరున్నర వదలండి. మీటరు వెడల్పున్న అర మీద పట్టుచీరలు దొంతర పెడితే కొన్నాళ్లకు చెక్క పొట్ట వేలాడేస్తుంది. బరువుకు 75 సెంటీమీటర్ల పెట్టె మేలు. బరువు కిందే ఉండాలి. వార్డ్‌రోబ్ నెత్తి మీద ఇత్తడి బిందెలు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, పేర్లు చెప్పను.

తలుపులూ బందులూ గురించి కూడా చెప్పాలనుకున్నాను. అది తర్వాత. ముందు ఒక సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

2019లో ఒక ఫ్లాట్‌కి వెళ్లాను. అద్దెకున్న ఇద్దరూ సాఫ్ట్‌వేరు వాళ్లే, నాలుగేళ్ల బాబు. పెట్టె బిగించి, అది ముందుకు పడకుండా గోడకు పట్టే రెండు ఎల్ క్లిప్పులు తీశాను. ఆ అమ్మాయి ఫోన్‌లో ఓనరు మెసేజ్ చూపించింది. గోడకు ఒక్క కన్నం పెట్టినా అడ్వాన్స్‌లో కోస్తారట. నేనేం చేశాను? క్లిప్పుల ప్యాకెట్టు పై అరలో పెట్టి, కూలి జేబులో వేసుకుని వచ్చేశాను.

రెండు నెలలకు ఫోన్ వచ్చింది. బాబు కింది సొరుగులు మూడూ బయటికి లాగి మెట్లలా ఎక్కాడు. సొరుగులన్నీ ముందుకొస్తే బరువంతా ముందుకే వస్తుంది, పైన పిల్లాడి బరువు. పెట్టె వంగింది. అదృష్టం, ఎదురుగా మంచం ఉంది. పెట్టె మంచం అంచుకు ఆగింది, బాబు ఆ సందులో ఉన్నాడు. పెదవి చిట్లింది, అంతే. నేను వెళ్లేసరికి క్లిప్పుల ప్యాకెట్టు నేల మీద పడి ఉంది. సీలు కూడా విప్పలేదు. ఓనరు తప్పు ఎంతో నా తప్పూ అంతే. బిగించనని చెప్పి నేను వెనక్కి వచ్చేయాల్సింది.

అమెరికాలో ఇలాగే పెట్టెలు మీద పడి పిల్లలు చనిపోయాక, 2016లో ఐకియా అక్కడ 2 కోట్ల 90 లక్షల సొరుగుల బల్లల్ని వెనక్కి పిలిచింది. 2022 డిసెంబరులో అక్కడ చట్టమే వచ్చింది. బట్టల బీరువాలు సొరుగులు తెరిచి ఉన్నప్పుడూ, పిల్లలు ఎక్కినప్పుడూ బోర్లా పడకుండా నిలబడాలి.

మా అమ్మ ఇనుప బీరువాకి క్లిప్పు లేదు కదా అంటారు. అది కదలాలంటే నలుగురు కావాలి. ఈ వార్డ్‌రోబ్ వెనక ఉన్నది పల్చటి అట్ట. నేల కాస్త వాటంగా ఉంటే ఇది వంకరగా నిలబడుతుంది. అందుకే ముందు కాళ్లు తిప్పి రసమట్టం చూడాలి. గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీ ఎత్తుగా ఉంటే పెట్టె గోడకు ఆనదు, వెనక కింద చెక్క కోయాలి. పక్కపక్క పెట్టెల్ని ఒకదానికొకటి స్క్రూతో కలపాలి.

గోడ సంగతి కూడా వినండి. డ్రిల్లు పెట్టగానే ఎర్ర పొడి రాలితే ఇటుక. తెల్ల పొడి మెత్తగా రాలితే లైట్ వెయిట్ బ్లాకు. దానికి మామూలు ప్లగ్గు పనికిరాదు, లాగితే ఊడొస్తుంది. ఆ బ్లాకుల కోసమే చేసిన ప్లగ్గు వేరే దొరుకుతుంది, డ్రిల్లులో హ్యామర్, అంటే కొట్టుడు, ఆపేసి కన్నం వేసి ఆ ప్లగ్గు వాడాలి.

ఇక్కడ ఫ్లాట్లు అద్దెకిచ్చిన ఓనర్లు ఎంతమంది? చేతులెత్తండి. సిగ్గెందుకు సార్, ఎత్తండి. ఆ రెండు కన్నాలు పూడ్చడానికి పిడికెడు పుట్టీ చాలు, అరగంట పని. ఏసీకి కన్నం పెట్టుకోమంటారు, గీజరుకు పెట్టుకోమంటారు. దీనికి మాత్రం అడ్వాన్స్ కోస్తామంటారా? వచ్చే అగ్రిమెంట్లో ఒక్క వాక్యం రాయండి, వార్డ్‌రోబ్ గోడకు బిగించుకోవచ్చని.

పది నిమిషాలు అయిపోయాయని సెక్రటరీ గారు వాచీ చూస్తున్నారు. తలుపుల సంగతి వచ్చే ఏడు. సంచిలో క్లిప్పులున్నాయి, కింద బండిలో డ్రిల్లుంది, ఇవాళ ఆదివారం. అద్దెకున్నవాళ్లు ఓనరు గారికి ఫోన్ కలిపి నాకివ్వండి. అడగాల్సింది నేనే అడుగుతాను.