పాత పోర్షె 911 కొంటున్నారా? రంగు తర్వాత, ముందు ఇంజిన్ చూడండి

నమస్కారమండీ. పాత పోర్షె 911 కొనాలని ఎప్పటినుంచో ఆశ, కానీ ఏ సంవత్సరం బండి తీసుకోవాలో తేలక రాత్రిళ్లు యాడ్స్ చూస్తూ నిద్ర చెడగొట్టుకుంటున్నారా? ఈ వీడియో మీకోసమే. నేను ఉండేది కాలిఫోర్నియా బే ఏరియాలో కాబట్టి చెప్పే ఖర్చులు, రూల్స్ ఇక్కడివి. ఇంజిన్ సంగతులు మాత్రం ఎక్కడున్నా ఒకటే.

ముందుగా రెండు ముక్కల్లో కథ చెప్పేస్తాను. 1964లో ఉత్పత్తి మొదలైనప్పుడు 911లో ఉన్నది 2.0 లీటర్ల ఇంజిన్, 130 హార్స్‌పవర్. 1989లో 964 మోడల్ వచ్చేసరికి అది 3.6 లీటర్లు, 250 హార్స్‌పవర్ అయింది. ఈ మధ్యలో 2.2, 2.4, 2.7, 3.0, 3.2 వచ్చాయి. అన్నిటి వంశం ఒకటే. వెనక చక్రాలకు ఇంకా వెనకాల, అటు మూడు ఇటు మూడు పడుకోబెట్టిన సిలిండర్లు. నీళ్లు లేవు, రేడియేటర్ లేదు. చల్లబరిచే పనంతా ఒక పెద్ద ఫ్యానూ, తొమ్మిది లీటర్లు, ఆపైన పట్టే ఆయిలూ చూసుకుంటాయి.

బయట నుంచి చూస్తే వీటిలో చాలావరకు అన్నదమ్ముల్లా ఉంటాయి. లోపల మాత్రం ఎవరి రోగాలు వాళ్లవి. ఇక్కడ ఫుల్ ఇంజిన్ పని చేయించాలంటే 20 వేల డాలర్లు దాటడం మామూలే. యాడ్‌లో ఐదు వేలు తక్కువకు వచ్చిందని సంబరపడి తెచ్చుకుంటే, తర్వాత ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ముందు ఇంజిన్ తేల్చుకోండి, ఆ తర్వాతే బండి వెతకండి.

నా ఓటు 3.0 లీటర్ల 911 ఎస్‌సికి. 1978 నుంచి 1983 దాకా వచ్చిన బండి అది. ఎందుకో చెప్పాలంటే దానికి ముందు వచ్చిన ఇంజిన్‌ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

(తెర మీద: 1972-73 మోడల్ 2.4 లీటర్ల ఇంజిన్ ఫొటో)

ఇది 2.4. ఇందులో టి, ఇ, ఎస్ అని మూడు రకాలు. యూరప్ లెక్కలో 130, 165, 190 హార్స్‌పవర్. బండి బరువు కేవలం వెయ్యి కిలోల పైచిలుకు. నడిపితే మనసు గాల్లో తేలిపోతుంది, అందులో సందేహం లేదు. కానీ ఎస్‌లో ఉన్న దమ్మంతా 5000 ఆర్‌పిఎం దాటాకే బయటికొస్తుంది. మన రోడ్ల మీద, మన ట్రాఫిక్‌లో అక్కడిదాకా లాగే అవకాశం ఎన్నిసార్లు దొరుకుతుంది? పైగా ఎస్ అన్న ఒక్క అక్షరానికే కలెక్టర్లు విపరీతంగా ధర పెంచేశారు. ఈ వరసలోదే నచ్చితే టి చూడండి. పవర్ తక్కువే, కానీ కింది ఆర్‌పిఎంలోనే హాయిగా లాగుతుంది. 1973 కరెరా ఆర్ఎస్ 2.7 సంగతి అసలు వద్దు. దాని ధర వింటే ఇల్లు అమ్ముకోవాలా అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. 1974 నుంచి 1977 దాకా వచ్చిన మామూలు 2.7. యాడ్స్‌లో వీటి ధర కాస్త కిందికి ఉంటుంది, చూడగానే నోరూరుతుంది. కారణం తెలుసుకోకుండా మాత్రం అడుగు వేయొద్దు.

ఈ ఇంజిన్ క్రాంక్‌కేస్, అంటే సిలిండర్లను మోసే నడిమి పెట్టె, మెగ్నీషియంది. సిలిండర్లనూ వాటి మీది హెడ్‌నూ క్రాంక్‌కేస్‌కు బిగించి పట్టుకునేవి పొడవాటి స్టీల్ స్టడ్‌లు, ఒక్కో సిలిండర్‌కు నాలుగు చొప్పున మొత్తం 24. ఇంజిన్ వేడెక్కితే సిలిండర్లు సాగుతాయి, స్టీలు అంతగా సాగదు. ఆ లాగుడంతా వెళ్లి మెత్తటి మెగ్నీషియంలో ఉన్న మరల మీద పడుతుంది. కొన్నేళ్లకు మరలు ఊడి, స్టడ్ పైకి లేచి వస్తుంది. దీనికి తోడు పొల్యూషన్ రూల్స్ కోసం ఆ రోజుల్లో అమెరికా బండ్లలో చాలావాటికి ఎగ్జాస్ట్ దగ్గర, కాలకుండా మిగిలిన ఇంధనాన్ని కాల్చేసే థర్మల్ రియాక్టర్లు పెట్టారు. అసలే వేడి ఇంజిన్, దాని కిందే ఇంకో కుంపటి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

మరి 2.7 వద్దా? వద్దని కాదు. క్రాంక్‌కేస్ విప్పి, 24 చోట్లా థ్రెడ్ ఇన్సర్ట్‌లు (మరలకు గట్టి లోహపు తొడుగులు) వేయించి, థర్మల్ రియాక్టర్లు తీసేసి ఉంటే అది నిక్షేపంలాంటి ఇంజిన్. మాట కాదు, బిల్లులు చూపించాలి. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ పార్టులు వేశారు అన్నీ కాగితం మీద ఉండాలి. "మా మెకానిక్ చేశాడండీ, కాగితాలు ఎక్కడో ఉన్నాయి" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక 3.0 ఎస్‌సి. పోర్షె దీనికి అల్యూమినియం క్రాంక్‌కేస్ పెట్టింది. మరలు ఊడే గొడవ అక్కడితో చాలావరకు తీరిపోయింది. మొదట 180 హార్స్‌పవర్, యూరప్ బండికి 1981 నుంచి 204. అమెరికా బండికి చివరిదాకా పవర్ పెంచలేదు. ఆ తేడా చూసి బాధపడకండి. మొత్తం బండి 1200 కిలోల లోపే. 3000 ఆర్‌పిఎం దాటిందంటే మూడో గేర్‌లోనే కొండ ఎక్కించేస్తుంది, గేర్ మార్చమని సతాయించదు. పెట్రోల్ పంపిణీ కె-జెట్రానిక్ అనే మెకానికల్ పద్ధతి. అంటే నలభై ఏళ్ల కంప్యూటర్ బాక్స్ ఎప్పుడు మొరాయిస్తుందో అన్న టెన్షన్ చాలా తక్కువ.

దీనికీ రోగాలున్నాయి. కానీ అవేంటో అందరికీ తెలుసు, మందూ తెలుసు. చూసే పద్ధతి నేర్చుకుంటే చాలు.

(తెర మీద: ఇంజిన్ కింది భాగం, క్లోజప్)

బండిని లిఫ్ట్ మీద పెట్టించండి. ఇదిగో, ఈ కిందివైపు వాల్వ్ కవర్లు. అమ్మేవాళ్లను అడిగి వీటిని విప్పించండి, ఆయిల్ కాస్త కారుతుంది, కింద ట్రే పెట్టుకోండి. ఎస్‌సిలో కింది వరస స్టడ్‌లు డిలావార్ అనే మిశ్రమ లోహంతో చేసినవి. తడికి వాటి మీద సన్నటి గుంటలు పడి, ఏదో ఒక రోజు విరుగుతాయి. కవర్ తీయగానే లోపల వదులైన నట్టూ వాషరూ దొర్లుతూ కనిపించాయంటే స్టడ్ విరిగినట్టే. ఒకటి విరిగినా బండి నడుస్తూనే ఉంటుంది, అమ్మేవాళ్లకు తెలియకపోవచ్చు కూడా. బాగు చేయాలంటే మాత్రం ఇంజిన్ దించి, హెడ్‌లు విప్పాల్సిందే. బేరం అక్కడ మొదలవుతుంది, లేదా అక్కడే ముగుస్తుంది.

రెండోది టైమింగ్ చైన్ టెన్షనర్లు, అంటే వాల్వులను నడిపే చైన్‌ను బిగుతుగా ఉంచేవి. పాతవి ఫెయిలైతే చైన్ పళ్లు దాటి, వాల్వులు వెళ్లి పిస్టన్‌లకు కొట్టుకుంటాయి. 1984 నుంచి పోర్షె ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే కొత్త రకం పెట్టింది. చాలామంది ఎస్‌సి యజమానులు అవే తెచ్చి బిగించుకున్నారు. గుర్తు పట్టడం తేలిక. ఇంజిన్ రెండు పక్కలా చైన్ కవర్‌ల దగ్గరికి సన్నటి ఆయిల్ పైపు వెళ్తోందా చూడండి. ఉంటే పని అయిపోయినట్టే.

మూడోది చిన్నదే. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి బ్యాక్‌ఫైర్ కొడితే, ఇంజిన్‌కు గాలి పంపే ప్లాస్టిక్ ఎయిర్‌బాక్స్ పగులుతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే, లోపల ఆ ఒత్తిడిని బయటికి వదిలే పాప్-ఆఫ్ వాల్వ్ పెట్టారో లేదో కనిపిస్తుంది. పెట్టకపోతే కొన్నాక పెట్టించుకోండి, ఖర్చు పెద్దగా కాదు. ఎయిర్‌బాక్స్ అప్పటికే పగిలి ఉంటే మాత్రం చాలా లేబర్.

కాలిఫోర్నియా వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 1975, అంతకు ముందు మోడల్ బండ్లకు ఇక్కడ స్మాగ్ టెస్ట్ (పొగ కాలుష్య పరీక్ష) లేదు. 1976 నుంచి ఉంది, రెండేళ్లకోసారి. కాబట్టి ఎస్‌సి, 3.2 రెండూ పాసవ్వాలి. కె-జెట్రానిక్ పీకేసి వెబర్ కార్బ్యురేటర్లు బిగించిన ఎస్‌సి భలే అరుస్తుంది, వింటే ముచ్చటేస్తుంది. కానీ టెస్ట్ దగ్గర వెనక ఇంజిన్ మూత ఎత్తగానే ఫెయిల్ చేస్తారు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకునేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు 3.2 కరెరా, 1984 నుంచి 1989 దాకా. యూరప్‌లో 231 హార్స్‌పవర్, అమెరికాలో మొదట 207, 1987 నుంచి 217. మోట్రానిక్ కంప్యూటర్ వచ్చింది కాబట్టి చలికాలంలోనూ పొద్దున్నే ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లాలి, వీకెండ్‌లో లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లి రావాలి అనుకునేవాళ్లకు నిజంగా ఇదే మేలు. 1987 నుంచి జి50 గేర్‌బాక్స్, హైడ్రాలిక్ క్లచ్ వచ్చాయి. అందుకే ఆ బండ్ల ధర కూడా ఎక్కువ. నన్నడిగితే గేర్‌బాక్స్ కోసం అంత తేడా పెట్టక్కర్లేదు. పాత 915 గేర్‌బాక్స్‌కు కొంచెం ఓపిక కావాలి, చల్లగా ఉన్నప్పుడు రెండో గేర్‌ను తోయకుండా మెల్లగా పడనివ్వాలి, అంతే.

3.2లో వాల్వ్ గైడ్‌లు తొందరగా అరుగుతాయి. ఆయిల్ ఎంత తాగుతోందో అడగండి. వెయ్యి మైళ్లకు ఒక క్వార్ట్ (లీటరుకు కాస్త తక్కువ) అయితే కంగారు లేదు. నాలుగైదు వందల మైళ్లకే క్వార్ట్ అయిపోతోందంటే హాఫ్ ఇంజిన్ పని, అంటే హెడ్‌లూ సిలిండర్లూ మాత్రం విప్పి బాగుచేయడం, దగ్గర్లోనే ఉందని లెక్క. డ్రైవర్ సీట్ కింద డిఎంఈ రిలే అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. అది పోతే బండి కదలదు. స్పేర్ ఒకటి కొని గ్లవ్‌బాక్స్‌లో పడేసుకోండి.

3.6, అంటే 964, మంచి బండే. 250 హార్స్‌పవర్, పవర్ స్టీరింగ్, ఎబిఎస్ అన్నీ ఉన్నాయి. బరువు కూడా అలాగే పెరిగింది. మొదటి రెండేళ్ల ఇంజిన్‌లలో హెడ్ దగ్గర ఆయిల్ కారే గొడవ ఉంది. పాత బండి రుచి కావాలనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పే పేరు ఇది కాదు.

ఇక టెస్ట్ డ్రైవ్. ముందే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారు. స్టార్ట్ చేయగానే కాస్త పొగ వస్తే భయపడకండి, పడుకున్న సిలిండర్‌లలోకి రాత్రంతా కొంచెం ఆయిల్ జారడం వీటికి మామూలే. నిమిషం దాటినా నీలం పొగ ఆగకపోతే ఆలోచించాలి.

తర్వాత ఒక ఇరవై నిమిషాలు నడపండి. మాకు దగ్గర్లో అయితే స్కైలైన్ బౌలెవార్డ్ లాంటి రోడ్డు. అలాంటి చోట మలుపులో ఉండగా భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలకండి, బరువంతా వెనక ఉంది, బండి తోక తిప్పేస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ మీటర్ చూడండి. ప్రతి వెయ్యి ఆర్‌పిఎంకు సుమారు 0.7 బార్ ఉంటే సరే.

ఆపేముందు, చదునైన చోట, ఇంజిన్ వేడిగా నడుస్తుండగానే ఆయిల్ డిప్‌స్టిక్ చూడండి. ఈ బండ్లలో లెవెల్ చూసే పద్ధతి ఇదొక్కటే. చల్లటి ఇంజిన్‌లో డాష్‌బోర్డ్ మీది ఆయిల్ లెవెల్ మీటర్ ఖాళీ చూపిస్తుంది, అది చూసి పాపం కొత్తవాళ్లు క్వార్ట్ మీద క్వార్ట్ పోసేస్తారు. ఎక్కువైన ఆయిల్ ఎయిర్‌బాక్స్‌లోకి వెళ్లి, వీధంతా పొగ నింపేస్తుంది.

ఆ తర్వాత డబ్బు మాట్లాడే ముందు ఒక పని. లీక్‌డౌన్ టెస్ట్ చేయించండి, అంటే సిలిండర్‌లోకి గాలి పట్టించి ఎంత కారిపోతోందో చూడటం, ఆరు సిలిండర్‌లకూ. అమ్మేవాళ్ల షెడ్‌లో కాదు, 911లు తెలిసిన వేరే మెకానిక్ దగ్గర, మీ డబ్బుతో. కింది వాల్వ్ కవర్లు అప్పుడే విప్పించి చూసేయవచ్చు. రిపోర్ట్ చేతికొచ్చాక, కింద కామెంట్స్‌లో అంకెలు పెట్టండి, అమ్మేవాళ్ల పేరు మాత్రం రాయకండి. చూసి నాకు తోచింది చెబుతాను. వచ్చే వీడియోలో ఎస్‌సికి ఇంట్లోనే ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గరి సందు సరిచేయడం) ఎలా చేసుకోవాలో చూద్దాం, 0.10 మిల్లీమీటర్ ఫీలర్ గేజ్ ఒకటి తెప్పించుకుని ఉంచండి.