ఆటగాళ్లు చాలని కౌంటీ

అధ్యక్షులకు, వేదిక మీద పెద్దలకు, ఉగాది పచ్చడి తిని కూర్చున్న అక్కలకూ అన్నలకూ, వెనక వరసలో పిల్లలకూ నమస్కారం. నాకిచ్చింది పదిహేను నిమిషాలు. నా మాటలయ్యాకే భోజనాలు, కాబట్టి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పే పని కార్యదర్శి గారికే వదిలేస్తున్నాను.

మాట్లాడమన్న అంశం ‘ఐర్లండ్ ఆటలు, మన పిల్లలు’. దాన్ని కొంచెం పక్కకు జరుపుతున్నాను, క్షమించాలి. 2025 జనవరిలో లీట్రిమ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఫెర్మానాతో ఆడాల్సిన గేలిక్ ఫుట్‌బాల్ లీగ్ ఆటను బరిలోకి దిగకుండానే వదులుకుంది. గాయపడ్డవాళ్లు పోను, రాలేనివాళ్లు పోను, మిగిలినవాళ్లతో జట్టు కట్టడం కుదరలేదు. అదీ సీజన్ తొలి ఆట! ‘చిన్న కౌంటీ కదా, అంతేలే’ అని చాలామంది తేల్చేశారు. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ మైకు పట్టుకున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. గేలిక్ ఫుట్‌బాల్‌లో, కర్రతో ఆడే హర్లింగ్‌లో జట్టుకు 15 మంది. బంతి వలలో పడితే గోల్, దానికి 3 పాయింట్లు. అడ్డకర్ర మీదుగా పోతే 1 పాయింటు. 2025 నుంచి ఫుట్‌బాల్‌లో 40 మీటర్ల గీత బయటి నుంచి అలా కొడితే 2. డబ్లిన్‌లోని పెద్ద స్టేడియం క్రోక్ పార్కులో ఎనభై వేల మంది ముందు ఆడే కుర్రాడికి కూడా జీతం లేదు. సోమవారం పొద్దున బడిలో పాఠమో, కరెంటు పనో, పాల దొడ్డో అతని కోసం కాచుకుని ఉంటుంది. మామూలుగా సొంత ఊరి క్లబ్బుకూ, సొంత కౌంటీకే ఆడతారు. ఐపీఎల్‌లా వేలం లేదు. ఈ ఆటలో నాకు నచ్చేదీ అదే, చిన్న కౌంటీ మెడకు చుట్టుకునేదీ అదే. గోల్‌కీపర్ లేడంటే పక్క కౌంటీ నుంచి కొనుక్కోలేరు. వాడు తమ ఊళ్లోనే పుట్టాలి, అక్కడే పెరగాలి, అక్కడే ఉండాలి.

ఉండాలి అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాను.

జనాభా సంగతి చూద్దాం. 2022 లెక్కల్లో డబ్లిన్‌లో 14 లక్షల 58 వేల మంది, లీట్రిమ్‌లో 35 వేల మంది. మగవాళ్లు సగం అనుకుని, అందులో 18 నుంచి 32 ఏళ్ల వాళ్లను తీస్తే లీట్రిమ్‌లో ఉజ్జాయింపుగా రెండున్నర వేలు తేలతారు. డబ్లిన్‌లో లక్ష దాటతారు. నిజమే, తేడా పెద్దదే. కానీ కెర్రీని చూడండి. అక్కడ 1 లక్షా 56 వేల మందే ఉన్నారు, 2025 నాటికి ఫుట్‌బాల్ ఆల్-ఐర్లండ్, అంటే అన్ని కౌంటీల మీదా గెలవాల్సిన పెద్ద కప్పు, 39 సార్లు గెలిచారు. పక్కనున్న కార్క్‌లో దాదాపు నాలుగింతల జనం ఉన్నారు, ఫుట్‌బాల్‌లో వాళ్లవి 7. కిల్‌కెన్నీ లక్ష పైచిలుకు జనంతో హర్లింగ్ 36 సార్లు గెలిచింది. ఫుట్‌బాల్ జాతీయ లీగ్‌లో మాత్రం అడుగే పెట్టదు. ఒక్క ఆటనే నమ్ముకుంది. మొనాహన్‌లో 65 వేల మందే, అయినా 2013లోనూ 2015లోనూ ఉత్తరాది ప్రాంతపు పోటీ అల్‌స్టర్ గెలిచింది. తలకాయలు లెక్కపెట్టి ఆటను చెప్పలేం.

ఇంకో తేడా చెప్పాలి. మేయో కౌంటీ 1951 తర్వాత ఫుట్‌బాల్ ఆల్-ఐర్లండ్ గెలవలేదు. 1989 నుంచి 2021 దాకా 11 ఫైనళ్లు ఓడిపోయింది. జనం దాన్ని శాపం అంటారు. నేను మేయో మీద జాలిపడను. ఫైనల్లో ఓడాలన్నా ఫైనల్ దాకా వెళ్లాలి కదా. గెలవకపోవడం ఒక బాధ, జట్టు కట్టలేకపోవడం ఇంకో బాధ. ఈరోజు నేను మాట్లాడేది రెండో దాని గురించి.

లీట్రిమ్ కుర్రాడు 18 ఏళ్లకు ఇల్లు వదులుతాడు. కాలేజీకి డబ్లినో గాల్వేనో వెళతాడు. చదువయ్యాక ఉద్యోగం కూడా అక్కడే. కౌంటీ జట్టుకు వారానికి రెండు సాయంత్రాలు మైదానంలో సాధన, ఆ పైన జిమ్, ఆదివారం ఆట. డబ్లిన్ నుంచి కారిక్-ఆన్-షానన్ 150 కిలోమీటర్లకు అటూ ఇటూ. సాయంత్రం నాలుగున్నరకు ఆఫీసు వదిలితే, ఊరు దాటే ట్రాఫిక్‌తో కలిపి ఏడింటికి మైదానం. గంటన్నర ఆడి, ఏదో తిని, మళ్లీ కారెక్కితే ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి. పెట్రోలు డబ్బులు ఇస్తారు, పోయిన నిద్ర ఎవరు తెచ్చిస్తారు? పైగా రెండు గంటలు కారు సీట్లో ముడుచుకున్న తొడ వెనక కండరంతో, దిగగానే పరుగు పెడితే పట్టేస్తుంది. ఇరవై నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి. ఆలస్యమైందని అది పది నిమిషాలకు కుదిస్తారు. గాయం అక్కడ మొదలవుతుంది. జట్టులో మనుషులు తక్కువ కాబట్టి మూడు వారాలు ఆగాల్సినవాడు రెండో వారానికే దిగుతాడు, మళ్లీ పట్టేస్తుంది.

ఆట రోజుకు 26 మంది కావాలి. సాధనలో 15 మీద 15 ఆడాలంటే ఒంట్లో బాగున్నవాళ్లు 30 మంది ఉండాలి. 22 మందే వస్తే 11 మీద 11 ఆడతారు. అప్పుడు అవతలి గోల్‌కీపర్ బంతి తన్నేటప్పుడు మైదానమంతా మనిషికి మనిషి ఎలా కాపు కాయాలో ఎవరికీ అలవాటు కాదు. ఆదివారం ఆ సందుల్లోంచే పాయింట్లు పోతాయి. పేపర్లో మాత్రం ‘నైపుణ్యం చాలలేదు’ అని వస్తుంది.

మన ఊళ్లల్లో సంక్రాంతికి వాలీబాల్ టీము కట్టాలంటే హైదరాబాద్ బస్సులు దిగాలి. పండగ కాగానే నెట్టు విప్పేస్తారు. ఈ కష్టం ఈ దేశంలో మనకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పండి!

ఇక 1994 సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, అయినా చెబుతాను. అప్పుడు లీట్రిమ్ జనాభా ఇప్పటికన్నా తక్కువ, సుమారు 25 వేలు. 1841లో లక్షన్నర దాటిన కౌంటీ అది. కరువూ వలసలూ అంతకు దించేశాయి. పడమటి ప్రాంతపు పోటీ కొనాక్ట్ టైటిల్ దానికి ముందు గెలిచింది ఒక్కసారే, 1927లో. మేయో నుంచి జాన్ ఓమహోనీ వచ్చి మేనేజరయ్యాడు. 1989లో సొంత కౌంటీని ఆల్-ఐర్లండ్ ఫైనల్ దాకా తీసుకెళ్లిన మనిషి. రోస్‌కామన్‌లోని హైడ్ పార్కులో కొనాక్ట్ ఫైనల్, ఎదురుగా ఉన్నది అదే మేయో. తొలి నిమిషంలోనే మేయో గోల్ పడింది. లీట్రిమ్ చెదరలేదు. గోల్ ఒక్కటీ కొట్టలేదు, పాయింటు తర్వాత పాయింటు పేర్చుకుంటూ పోయింది. లీట్రిమ్‌కు 12 పాయింట్లు. మేయోకు 2 గోల్స్, 4 పాయింట్లు, కలిపితే 10. కెప్టెన్ డెక్లన్ డార్సీ కప్పు ఎత్తాడు. పక్కన నిలబడింది ఎవరనుకున్నారు? టామ్ గానన్, 1927 కెప్టెన్! 67 ఏళ్ల ఎడంతో ఇద్దరు కెప్టెన్లు ఒకే కప్పు పట్టుకున్న ఫొటో అది. ఇంటికెళ్లాక ఒకసారి వెతికి చూడండి, దయచేసి.

ఆ డార్సీ పెరిగింది ఎక్కడ? డబ్లిన్‌లో. తల్లిదండ్రుల ఊరి కోసం లీట్రిమ్‌కు ఆడాడు. కొన్నేళ్లకు డబ్లిన్ జట్టులోకి మారాడు. అతన్ని తప్పుపట్టను. చిన్న కౌంటీ గెలుపు ఎంత సన్నని దారం మీద వేలాడుతుందో చూడమంటున్నాను. ఒక మంచి మేనేజరు, ఊరి మీద ప్రేమతో అంత దూరం వచ్చే కుర్రాళ్లు, ఒకేసారి కుదిరిన ఒక తరం. అందులో ముగ్గురు నలుగురు వెళ్లిపోతే వాళ్ల చోట నిలబడేవాళ్లు లేరు. కెర్రీలో ఒకడు పోతే బెంచి మీద అదే ఆట ఆడేవాడు ఇంకొకడు ఉంటాడు. 2023 ఏప్రిల్‌లో లీట్రిమ్ న్యూయార్క్ వెళ్లి పెనాల్టీల్లో ఓడింది. కొనాక్ట్ పోటీలో న్యూయార్క్‌కు అదే తొలి గెలుపు. ఎక్కువగా ఐర్లండ్ వదిలి వెళ్లినవాళ్లతో నిలబడే జట్టు అది. వలస ఇచ్చేది ఒక చోట, తీసుకునేది ఒక చోట.

డబ్లిన్ విషయమూ చెప్పాలి, ఇక్కడ మనమంతా డబ్లిన్ వాళ్లం, లేత నీలం జెర్సీ వాళ్లమే కాబట్టి. 2015 నుంచి 2020 దాకా వరసగా ఆరు ఆల్-ఐర్లండ్‌లు గెలిచింది గొప్ప జట్టు, కాదనను. కానీ దాని వెనక, 2000ల మధ్య నుంచి ప్రభుత్వ సాయంతో క్లబ్బుల్లో జీతానికి పనిచేసే శిక్షకులున్నారు. ఆ మనిషి పగలు బడికి వెళ్లి ఆట నేర్పుతాడు, సాయంత్రం అదే పిల్లల్ని క్లబ్బుకు తెస్తాడు. లీట్రిమ్‌లో చాలా క్లబ్బులకు చిన్న వయసు జట్టు కట్టేందుకు పిల్లలే చాలక, పక్క క్లబ్బుతో కలిసి ఆడిస్తారు. జీతమిచ్చి మనిషిని పెట్టాల్సింది ముందు అక్కడ. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను. 2022లో రెండో అంచె కౌంటీల కోసం మొదలైన టాల్టన్ కప్పు మంచిదే, సాటివాళ్లతో ఆడే ఆటలు పెరుగుతాయి. ఊరు వదిలిన కుర్రాణ్ని మాత్రం అది వెనక్కి తేలేదు.

హర్లింగ్‌కు సమయం మిగల్లేదు, ఒక్క మాట చెబుతాను. హర్లింగ్ లేని కౌంటీలో దాన్ని నాటడం ఫుట్‌బాల్ కన్నా చాలా కష్టం. చిన్నప్పుడే కర్ర చేతిలో పడకపోతే చెయ్యి కుదరడం కష్టం. కర్రలు విరుగుతాయి, మళ్లీ కొనాలి. మంచి హర్లీ, అంటే ఆ కర్ర, యాష్ చెట్టు మొదలు నుంచే వస్తుంది, వేరు వంపు తిరిగే చోట చెక్క పోగు కూడా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి. ఆ చెట్లను ఎండబెట్టే శిలీంధ్రపు తెగులు ఐర్లండ్‌లో తొలిసారి బయటపడింది 2012లో, అదీ లీట్రిమ్‌లోనే.

అమ్మా, అయ్యా, మీలో లీట్రిమ్, లాంగ్‌ఫర్డ్, కావన్ వైపు ఇళ్లు చూసుకుంటున్నవాళ్లు ఉన్నారని తెలుసు. అక్కడి క్లబ్బుకు మీ పిల్ల, మీ పిల్లాడు వెళితే పదకొండో మనిషో, పన్నెండో మనిషో అవుతారు. ఇక్కడ అరవైలో ఒకరు. శనివారం పొద్దున తీసుకెళ్లండి. ఫుట్‌బాల్‌కు దంతాల రక్షణ తొడుగు తప్పనిసరి, హర్లింగ్‌కు ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ తప్పనిసరి. మిగతావి చాలాచోట్ల క్లబ్బే ఇస్తుంది.

తలుపు పక్క బల్ల మీద నాలుగు హర్లీలు, హెల్మెట్లు, నురుగు బంతులు పెట్టాం. పిల్లలూ, భోజనం వరసలోకి వెళ్లే ముందు ఒక్కసారి పట్టుకు చూడండి. మీరు క్రికెట్ బ్యాట్ పట్టినట్టు పడతారు, అంటే కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ చెయ్యి పైన. ఇక్కడ తిరగేయాలి. వాటం ఉన్న చెయ్యి పైన, రెండోది కింద. బంతి పట్టుకునేది ఆ రెండో చేత్తోనే. గోడకు ఆరడుగుల దూరంలో నిలబడి, రోజుకు పది నిమిషాలు.